యూనివర్సిటీ సర్వర్ మీద సొంత పేజీ

అమెరికాలో ఎమ్మెస్‌కు చేరినా, కాన్పూర్ ఐఐటీలో పీహెచ్‌డీకి చేరినా మొదటి వారంలో చేతికొచ్చేవి దాదాపు ఒకటే: గుర్తింపు కార్డు, ఈమెయిల్, పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డుతో లైబ్రరీ తెరుచుకుంటుంది, ఫీజు కట్టొచ్చు, మార్కులు చూసుకోవచ్చు. చాలా యూనివర్సిటీల్లో అదే అకౌంటుతో ఇంకొకటి కూడా వస్తుంది. దాని గురించి ఓరియంటేషన్‌లో ఎవరూ పెద్దగా చెప్పరు. అది యూనివర్సిటీ సర్వర్ మీద మీ పేరుతో కొంత జాగా. అందులో ఒక ఫైల్ పెడితే ప్రపంచంలో ఎవరైనా చదవగలరు. పైసా ఖర్చుండదు. ముందు యూనివర్సిటీ చిరునామా, తర్వాత టిల్డా అనే ~ గుర్తు, దానికి అతుక్కుని మీ లాగిన్ పేరు. అదే మీ పేజీ చిరునామా.

చాలామంది రెండేళ్లు చదివి, పట్టా పుచ్చుకుని, ఆ జాగాలో ఒక్క అక్షరం పెట్టకుండానే వెళ్లిపోతారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఇరవైల్లో ఉన్న విద్యార్థి తన పని గురించి తన మాటల్లో రాసుకున్న ఒక్క పేజీ, ఫైల్లో దాచుకున్న సర్టిఫికెట్ల దొంతర కంటే ఎక్కువ తలుపులు తెరుస్తుందని నా గట్టి నమ్మకం. అయితే ఆ జాగా అద్దె ఇల్లు లాంటిది. ఉన్నన్నాళ్లు హాయిగా ఉండండి, కానీ ఖాళీ చేసే రోజు ఒకటి వస్తుందని గుర్తుంచుకునే సామాను కొనుక్కోండి. ఈ అధ్యాయంలో నేను చెప్పే చిన్నచిన్న జాగ్రత్తలన్నీ ఈ ఒక్క ఎరుకలోంచి వచ్చినవే.

ఈ జాగా ఎందుకు ఇస్తారు

వెబ్ పుట్టిందే పరిశోధకుల మధ్య. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో దాని ప్రతిపాదన రాశారు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. అదే ఏడాది ఇలినాయ్ యూనివర్సిటీలోని ఎన్‌సీఎస్‌ఏ కేంద్రం నుంచి మొజాయిక్ బ్రౌజర్ వచ్చింది. ఆ కేంద్రమే ఒక వెబ్ సర్వర్‌ను కూడా ఉచితంగా ఇచ్చింది. అందులో ఒక మంచి ఏర్పాటు ఉంది. యూనిక్స్ యంత్రం మీద అకౌంటున్న ఎవరైనా సరే, తమ హోమ్ ఫోల్డర్‌లో ‘పబ్లిక్ అండర్‌స్కోర్ హెచ్‌టీఎంఎల్’ అనే పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకుంటే చాలు, సర్వర్ దాన్ని లోకానికి చూపిస్తుంది. ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. 1995లో ఆ సర్వర్ కోడ్ మీదే అపాచీ అనే వెబ్ సర్వర్ మొదలైంది. ఇవాళ మీరు పెట్టుకునే ఫోల్డర్ పేరు ముప్పై ఏళ్ల నాటి ఆ ఏర్పాటు నుంచి వచ్చిందే.

ఈ జాగాల్లో పెద్ద పనులే మొలకెత్తాయి. స్టాన్‌ఫర్డ్‌లో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అనే ఇద్దరు విద్యార్థులు 1994లో తమకు నచ్చిన సైట్ల జాబితాను యూనివర్సిటీ యంత్రం మీద పెట్టారు. అదే యాహూ అయింది. చూసేవాళ్లు పెరిగి నెట్‌వర్క్ మీద భారం పడ్డాక దాన్ని బయటికి తరలించాల్సి వచ్చింది. గూగుల్ కూడా సొంత పేరు నమోదు చేసుకోకముందు స్టాన్‌ఫర్డ్ చిరునామా కిందే నడిచింది. రెండూ అక్కడ పుట్టాయి, రెండూ అక్కడి నుంచి కదిలాయి.

తెలుగువాళ్లకూ యూనివర్సిటీ కంప్యూటర్లతో పాత చుట్టరికమే. తెలుగు లిపి తెర మీద కనిపించడమే గగనమైన రోజుల్లో, రోమన్ అక్షరాలతో టైపు చేసి తెలుగులోకి మార్చుకునే ఆర్‌టీఎస్ పద్ధతి హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో తయారైంది. ఆ పేరులో మొదటి అక్షరం ఆ యూనివర్సిటీదే. ఆ పద్ధతిలో టైపు చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చదువుకోవడానికి వెళ్లినవాళ్లు తమకు దొరికిన యంత్రం మీద తమ భాష కోసం చేసిన పని అది. మీకు దొరికిన జాగాను కూడా ఆ వరసలోనే చూడండి.

మీ దగ్గర ఉందా, లేదా

అన్నిచోట్లా ఒకే పద్ధతి లేదు. ఐఐటీ కాన్పూర్, ఐఐటీ బాంబేలలో ~ గుర్తుతో వ్యక్తిగత పేజీలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఎంఐటీలో ~ గుర్తు అవసరం లేకుండానే చిరునామా ఏర్పడుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో ఆ ఫోల్డర్ పేరు ఏళ్ల తరబడి మూడు డబ్ల్యూలే. బర్క్‌లీలో ఓసీఎఫ్ అనే విద్యార్థి సంస్థ 1989 నుంచి తోటి విద్యార్థులకు కంప్యూటర్ సేవలు అందిస్తోంది, వెబ్ జాగా కూడా అందులో భాగమే. కొన్నిచోట్ల యూనివర్సిటీ ఇవ్వకపోయినా డిపార్టుమెంటు సర్వర్ మీద, ముఖ్యంగా కంప్యూటర్ సైన్సు వాళ్లకు, దొరుకుతుంది. కొన్నిచోట్ల అధ్యాపకులకూ పరిశోధక విద్యార్థులకే ఇస్తారు. గైడ్ సంతకంతో దరఖాస్తు పెట్టమనే చోట్లూ ఉన్నాయి. కాబట్టి ఐటీ విభాగం వెబ్‌సైట్‌లో ‘పర్సనల్ వెబ్ పేజెస్’ అని వెతకండి. దొరక్కపోతే హెల్ప్‌డెస్క్‌కు రెండు వాక్యాల ఈమెయిల్ రాయండి. ల్యాబ్‌లో సీనియర్‌ని అడిగితే అంతకంటే ముందే తెలుస్తుంది.

మన రాష్ట్రాల్లో అనుబంధ ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ డిగ్రీ కాలేజీల్లోనూ విద్యార్థులకు ఈ సౌకర్యం దాదాపుగా కనిపించదు. అలాంటప్పుడు ఆగిపోవద్దు. గిట్‌హబ్ పేజెస్ లాంటి ఉచిత సేవల మీద ఇదే పేజీని ఇవే ఫైళ్లతో పెట్టుకోవచ్చు. ఫైళ్లు పంపే పద్ధతి, ఫోల్డర్ అనుమతుల గురించి చెప్పే భాగాలు తప్ప ఈ అధ్యాయంలో మిగతాది చాలావరకు అక్కడికీ వర్తిస్తుంది.

యూనివర్సిటీ చిరునామాకు ఒక విలువ మాత్రం వేరే ఉంది. డాట్ కామ్ పేరు డబ్బు కట్టిన ఎవరికైనా వస్తుంది. డాట్ ఏసీ డాట్ ఇన్ పేర్లను ఎర్నెట్ ఇండియా విద్యాసంస్థలకే ఇస్తుంది. అమెరికాలో డాట్ ఈడీయూకూ అలాంటి కట్టుబాటే ఉంది. ఆ చిరునామా కింద మీ పేరు కనిపిస్తే, మీరు అక్కడ నిజంగానే చదువుతున్నారన్న నమ్మకం చదివేవాళ్లకు ముందే కలుగుతుంది. ఆ నమ్మకానికి బదులుగా యూనివర్సిటీ కొన్ని నియమాలు పెడుతుంది. వాటిని పూర్తిగా చదవండి. వ్యాపారం, ప్రకటనలు, రాజకీయ ప్రచారం, ఇతరుల పుస్తకాలూ సినిమాలూ పెట్టడం దాదాపు అన్నిచోట్లా నిషేధమే. యూనివర్సిటీ లోగో వాడకానికి విడిగా షరతులుంటాయి. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు పేజీ ద్వారా ఒక్క డాలరు వచ్చే ఏ ఆలోచన చేసినా, ముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగాలి.

మొదటి సాయంత్రం

ఒక సాయంత్రం చాలు. ఆ రోజుకు రంగుల గురించి, డిజైన్ గురించి ఆలోచించకండి. మీ పేరూ ఒక వాక్యమూ ఉన్న పేజీ మీ ఫోన్‌లో తెరుచుకుంటే ఆ రోజు పని అయిపోయినట్టే.

ముందు మీ సొంత కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ తెరవండి. పేజీ అసలు ప్రతి ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది. సర్వర్ మీద ఉండేది నకలు. ఈ అలవాటు మొదటి రోజే పడాలి. సర్వర్ మీదికి వెళ్లి అక్కడే దిద్దడం మొదలుపెడితే ఏది అసలో ఏది నకలో ఆరు నెలల్లో మీకే తెలియకుండా పోతుంది. వర్డ్‌లో రాయకండి, నోట్‌ప్యాడ్ లాంటి మామూలు టెక్స్ట్ ఎడిటర్ వాడండి. ఫైల్ పేరు ఇండెక్స్, దాని వెనక డాట్ హెచ్‌టీఎంఎల్. ఎవరైనా మీ చిరునామా కొడితే సర్వర్ ముందు వెతికేది ఆ ఫైల్నే. అది లేకపోతే చాలా సర్వర్లు ఆ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నిటి జాబితానూ బయటపెడతాయి. లోపల కట్టుకునే చిన్న ఫోల్డర్లకూ ఇదే వర్తిస్తుంది కాబట్టి ఒక్కోదాంట్లో ఒక్కో ఇండెక్స్ ఫైల్ ఉంచండి.

ఫైళ్లు పంపడానికి విండోస్‌లో విన్‌ఎస్‌సీపీ, మ్యాక్‌లో సైబర్‌డక్, ఎక్కడైనా ఫైల్‌జిల్లా వాడుకోవచ్చు. అన్నీ ఉచితమే. ఎస్‌ఎఫ్‌టీపీ అనే పద్ధతిని ఎంచుకోండి. పాత ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా నెట్‌వర్క్ మీద వెళ్తుంది. మొదటిసారి కలిసినప్పుడు సర్వర్ గుర్తింపు ముద్రను నమ్ముతారా అని ప్రోగ్రాం అడుగుతుంది. ఐటీ విభాగం ఆ ముద్రను ప్రచురించి ఉంటే పోల్చి చూసి ఒప్పుకోండి. క్యాంపస్ బయటి నుంచి అయితే ముందు వీపీఎన్‌లోకి వెళ్లాల్సి రావచ్చు.

ఇక అనుమతులు. కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే, అందుకని కాస్త నెమ్మదిగా చెబుతాను. ఫైల్ పెట్టారు, చిరునామా కొట్టారు, తెర మీద 403 అని వచ్చింది. ఫైల్ ఉంది కానీ చూపడానికి సర్వర్‌కు అనుమతి లేదని దానర్థం. 404 వస్తే ఆ పేరుతో ఫైలే దొరకలేదని. 403 వస్తే లినక్స్ సర్వర్ల మీద మూడంకెల లెక్క చూసుకోవాలి. మొదటి అంకె మీకు, రెండోది మీ గ్రూపుకు, మూడోది మిగతా అందరికీ. చదవడానికి 4, రాయడానికి 2, ఫోల్డర్ విషయంలో లోపలికి వెళ్లడానికి 1. ఈ మూడింటిలో ఇవ్వదలచుకున్నవి కూడితే అంకె వస్తుంది. పేజీ ఫైల్‌కు 644 పెట్టండి: మీరు చదివి రాయగలరు, మిగతావాళ్లు చదవగలరు. వెబ్ ఫోల్డర్‌కు 755: అందరూ లోపలికి వచ్చి చూడగలరు, మార్చగలిగేది మీరొక్కరే. మీ హోమ్ ఫోల్డర్‌కు చాలాచోట్ల 711 సరిపోతుంది: సర్వర్ దాని గుండా వెళ్లగలదు, కానీ లోపల ఏమేమున్నాయో బయటివాళ్లకు జాబితా కనిపించదు. పైనున్న హోమ్ ఫోల్డర్ దారి మూసి ఉంటే కింద వెబ్ ఫోల్డర్‌ను ఎంత తెరిచినా లాభం లేదు. సగం 403లకు ఇదే కారణం.

విసుగొచ్చి అన్నిటికీ 777 పెట్టేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. దానితో ఆ సర్వర్ మీద అకౌంటున్న ప్రతివాళ్లూ మీ పేజీని మార్చేయగలరు. ఏఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ ఉన్న యూనివర్సిటీల్లో అనుమతులు ఫోల్డర్‌కే ఉంటాయి, ఈ అంకెల లెక్క అక్కడ చెల్లదు. వాళ్ల సహాయ పేజీ చూసి చేయాలి.

ఫైళ్ల పేర్ల గురించి ఒక్క మాట. ఇంగ్లిషు చిన్న అక్షరాలే వాడండి, మధ్యలో ఖాళీ వదలకండి. పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ విండోస్ తేడా చూడదు, లినక్స్ చూస్తుంది. ఇంట్లో చక్కగా కనిపించిన ఫొటో సర్వర్ మీదికి వెళ్లగానే మాయమైతే ముందు ఇదే అనుమానించండి. లింకులు ఇచ్చేటప్పుడు మీ పేజీలోని మరో ఫైల్‌కు పూర్తి యూనివర్సిటీ చిరునామా రాయకుండా ఫైల్ పేరు మాత్రమే రాయండి. రేపు ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఇంకో సర్వర్ మీదికి తీసుకెళ్లినా ఒక్క లింకూ తెగదు.

చివరగా, క్యాంపస్ వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద పేజీ తెరిచి చూడండి. లోపలివాళ్లకు కనిపించి బయటివాళ్లకు కనిపించని పేజీలు చాలానే ఉంటాయి.

చదివేవాళ్లు ఎవరు, వాళ్లకేం కావాలి

సాంకేతిక భాగం ఒక సాయంత్రంలో అయిపోతుంది. రాయడమే అసలు పని. ఎంతోమంది ఇక్కడే ఏదో ఒక టెంప్లేట్ తెచ్చి, నైపుణ్యాల పక్కన శాతాల గీతలు పెట్టి, ‘కష్టపడే స్వభావం, నేర్చుకోవాలన్న తపన’ అని రాసి ముగిస్తారు. ఆ మాటలు ఎవరి పేజీ మీద పెట్టినా అతుకుతాయి, అందుకే ఎవరికీ గుర్తుండవు.

మీ పేజీ తెరిచే ముగ్గురిని మనసులో పెట్టుకోండి. రీసెర్చ్ అసిస్టెంటు కోసం వచ్చిన ఈమెయిళ్లు తిరగేస్తున్న ప్రొఫెసరు ఒకరు. ఇంటర్వ్యూకి ముందు మీ పేరు వెతికే కంపెనీ ఇంజినీరు ఇంకొకరు. మూడో మనిషిని మాత్రం చాలామంది మర్చిపోతారు. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ, మీరున్న చోటికి ఎలా రావాలో తెలియక మీ పేరు వెతికే అమ్మాయి. మొదటి ఇద్దరికీ మీరేం చేస్తున్నారో కావాలి, మూడో ఆమెకు ఎలా చేశారో కావాలి.

అందుకని మొదటి వాక్యం మీ పని గురించి, వేరే ఎవరూ రాయలేనంత నిర్దిష్టంగా ఉండాలి. ‘మెషిన్ లెర్నింగ్‌లో ఆసక్తి’ అని వేల పేజీల్లో ఉంటుంది. ‘వేరుశనగ ఆకుల ఫొటోలు చూసి తిక్క ఆకుమచ్చ తెగులును తొలిదశలోనే గుర్తించే పద్ధతి మీద పనిచేస్తున్నాను, ఫొటోలు అనంతపురం జిల్లా పొలాల్లో తీసినవి’ అని రాసిన విద్యార్థిని చదివినవాళ్లు మర్చిపోరు. ఆ వెంటనే రెండు మూడు పేరాల్లో ఏ చిక్కు వచ్చింది, ఏం ప్రయత్నించారు, ఏది పనిచేయలేదు, ఇప్పుడు ఎక్కడున్నారు అన్నవి రాయండి. పనిచేయనిదాన్ని కూడా రాయండి. ప్రొఫెసరుకు మీ ఆలోచన తీరు అక్కడే తెలుస్తుంది. ఆదిలాబాద్ అమ్మాయికి ధైర్యం కూడా అక్కడే వస్తుంది.

తర్వాత రావాల్సినవి మామూలే: యూనివర్సిటీ ఈమెయిల్, గైడ్ పేరు, ల్యాబ్ లింకు, ప్రచురించిన పేపర్లు, చెప్పిన ట్యూటోరియల్స్, సీవీ. పేపర్ల విషయంలో జర్నల్ ఒప్పందం చూసుకోండి. అచ్చయిన పీడీఎఫ్‌ను యథాతథంగా పెట్టడానికి కొందరు ఒప్పుకోరు కానీ రచయిత సొంత ప్రతిని అనుమతిస్తారు. సందేహముంటే డీఓఐ (పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు) లింకు ఇవ్వండి. పేజీ అడుగున చివరిసారి దిద్దిన నెల, సంవత్సరం వేయండి.

పేజీ సాదాగా ఉందని దిగులుపడకండి. కంప్యూటర్ సైన్సులో మహామహుడైన డొనాల్డ్ నూత్ పేజీ స్టాన్‌ఫర్డ్ సర్వర్ మీద ఇప్పటికీ ~ గుర్తుతో, ఏ హంగూ లేకుండా ఉంది. ఆయన 1990 జనవరి 1 నుంచి ఈమెయిల్ మానేశారు. తన పుస్తకాల్లో దొర్లిన తప్పుల పట్టికలు, సవరణలు మాత్రం అక్కడ పెడుతూ వచ్చారు. జనం ఆ పేజీకి వెళ్లేది ఆ పట్టికల కోసం, అంటే పనికొచ్చే సరుకు కోసం.

మన పేర్ల సంగతి

తెలుగువాళ్లు ఈ ఒక్క విషయంలో మిగతావాళ్ల కంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా. సాయి కృష్ణ, వెంకటేశ్, లక్ష్మీ ప్రసన్న అన్న పేర్లు ఒకే క్లాసులో ముగ్గురికి ఉంటాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ల పూర్తి పేరు అమెరికా వీసాలో ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. పేరు తెలియదని దానర్థం. అదే యూనివర్సిటీ రికార్డులకూ ఎక్కుతుంది. పేపర్ల దగ్గర ఇంకో చిక్కు. చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుని మిగతావాటిని పొడి అక్షరాలు చేసే పద్ధతిలో, పోతినేని వెంకట సాయి కృష్ణ అనే మనిషి ‘పీ.వీ.ఎస్. కృష్ణ’ అయి ఊరుకుంటాడు. ఇంకో పేపర్లో ‘ఎస్.కె. పోతినేని’ అవుతాడు. ఇద్దరూ ఒకరేనని లోకానికి తెలియదు.

ఈ చిక్కును తీర్చడానికి మీ పేజీ కంటే మంచి చోటు లేదు. మీ పూర్తి పేరు, మిమ్మల్ని ఎలా పిలవాలో, పేపర్లలో ఏయే రూపాల్లో వచ్చిందో మూడు వాక్యాల్లో రాయండి. పేరును తెలుగు లిపిలో కూడా రాయండి. మీ గొంతుతో పేరు పలికిన చిన్న ఆడియో ఫైల్ పెడితే, స్నాతకోత్సవంలో పేర్లు చదివేవాళ్ల దాకా అందరికీ ఉపకారం. ఆర్కిడ్ సంస్థ 2012 నుంచి పరిశోధకులకు 16 అంకెల గుర్తింపు సంఖ్యను ఉచితంగా ఇస్తోంది. తొలి పేపరు పంపకముందే అది తీసుకుని పేజీలో పెట్టండి. పెళ్లితో ఇంటిపేరు మారినా, రికార్డుల్లో పేరు తలకిందులైనా ఆ సంఖ్య మారదు.

పెట్టకూడనివి

మన ఊళ్లలో బయోడేటా రాయడం నేర్పినప్పుడు తండ్రి పేరు, పుట్టిన తేదీ, శాశ్వత చిరునామా, ఫోన్ నంబరు తప్పనిసరి అని నేర్పుతారు. ఆ బయోడేటాను అలాగే వెబ్ మీద పెట్టడం ప్రమాదం. మోసగాళ్లు బ్యాంకు పేరు చెప్పి ఇంటికి ఫోన్ చేయడానికి కావాల్సినవన్నీ అందులోనే ఉంటాయి. పేజీ కోసం వేరే సీవీ తయారుచేసుకోండి, ఈమెయిల్ ఒక్కటి చాలు.

పాస్‌పోర్టు, ఆధార్, ఐ-20, మార్కుల జాబితా లాంటివాటిని ప్రింట్ తీసుకోవడానికని ఒక్క గంట కూడా వెబ్ ఫోల్డర్‌లో ఉంచకండి. లింకు ఎవరికీ ఇవ్వలేదు కదా అన్న భరోసా చెల్లదు. సెర్చ్ ఇంజిన్లకు ఫలానాది చూడొద్దని చెప్పే రోబోట్స్ ఫైల్ వినతి మాత్రమే, దానితో ఏదీ దాగదు. ఫోన్‌తో తీసిన ఫొటోల్లో తీసిన చోటు వివరాలు కూడా ఉండొచ్చు. వాటిని తొలగించి, సైజు తగ్గించి పెట్టండి. ట్యూటోరియల్ చెప్పేవాళ్లు విద్యార్థుల మార్కులను, పేర్లు తీసేసి రోల్ నంబర్లతోనైనా సరే, ఇక్కడ పెట్టకూడదు. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం విద్యార్థి రికార్డులకు రక్షణ ఇస్తుంది.

వర్డ్‌ప్రెస్ లాంటివి యూనివర్సిటీ అనుమతిస్తే పెట్టుకోవచ్చు కానీ, వాటిని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసే ఓపిక ఉంటేనే. పట్టించుకోకుండా వదిలేసిన సైట్లలోకి దొంగ లింకులు చొరబడతాయి, ఐటీ విభాగం అకౌంటు ఆపేస్తుంది. ఒక విద్యార్థికి మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లే మేలు. పేజీలు పెరిగితే హ్యూగో, జెకిల్ లాంటి ఉచిత సాధనాలు మీ కంప్యూటర్‌లోనే వాటిని తయారుచేసి ఇస్తాయి.

తెలుగులో కూడా

కనీసం ఒక పేజీ తెలుగులో రాయండి. మీ అమ్మానాన్నలు, మీరు చదివిన హైస్కూలు మాస్టారు మీ పని ఏమిటో చదివి తెలుసుకోగలగాలి. వేరుశనగ తెగులు మీద పనిచేసి ఆ సంగతి ఒక్క ఇంగ్లిషులోనే రాస్తే ఫొటోలు తీసుకోనిచ్చిన రైతుకు ఏం చెప్పినట్టు?

సాంకేతికంగా ఇది ఇప్పుడు తేలిక. యూనికోడ్ తొలి కూర్పు వచ్చిన 1991 నుంచీ తెలుగు అందులో ఉంది. ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేయండి, ఆ సంగతిని పేజీ తల భాగంలో కూడా ప్రకటించండి. ఈ రెంటిలో ఒకటి తప్పినా అక్షరాల స్థానంలో పిచ్చి గుర్తులు రావచ్చు. భాష తెలుగు అని గుర్తు పెడితే, చూపు లేనివాళ్లకు చదివి వినిపించే ప్రోగ్రాములు సరైన గొంతు ఎంచుకుంటాయి. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పేజీ పొడవునా చదివించడానికి మండలి కంటికి హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. వరసల మధ్య ఎడం ఇంగ్లిషుకు పెట్టినదానికంటే కాస్త ఎక్కువ పెట్టండి, మన వత్తులకు చోటు కావాలి.

ఖాళీ చేసే రోజు

పట్టా వచ్చాక యూనివర్సిటీ అకౌంటు ఎన్నాళ్లుంటుందో చేరిన ఏడాదే కనుక్కుని రాసి పెట్టుకోండి. కొన్నిచోట్ల కొన్ని నెలలే. అకౌంటుతో పాటు పేజీ కూడా పోతుంది. మీ పేపర్లలో, ఇతరుల స్లైడ్లలో, జూనియర్లు దాచుకున్న లింకుల్లో ఉన్న ఆ చిరునామా 404 అవుతుంది. చిరునామాలు మార్చకూడదని టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక వ్యాసం రాశారు. యూనివర్సిటీల్లో విద్యార్థి ఆ మాట నిలబెట్టాలంటే ముందు నుంచే దారి చూసుకోవాలి.

పేపర్లో అచ్చయ్యే లింకుగా మీ ~ పేజీని ఎప్పుడూ ఇవ్వకండి. డేటానూ కోడ్‌నూ జెనోడోలో పెట్టండి. 2013లో మొదలైన ఆ ఉచిత భాండాగారాన్ని సెర్న్ నడుపుతోంది. అక్కడ పెట్టిన ప్రతిదానికీ డీఓఐ వస్తుంది, మీరు ఏ ఊరు మారినా అది పనిచేస్తుంది. వీలైతే మీ పేరుతో ఒక డొమైన్ కొనుక్కోండి. డాట్ ఇన్ పేరుకు ఏడాదికి కొన్ని వందల రూపాయలే అవుతుంది. ఇప్పటికి దాన్ని యూనివర్సిటీ పేజీకి మళ్లించి ఉంచండి. రెజ్యూమే మీద, విజిటింగ్ కార్డు మీద ఆ పేరే వేయండి. కదిలే రోజున మళ్లింపు ఒక్కటి మారిస్తే చాలు.

ఆఖరి సెమిస్టర్‌లో రెండు రోజులు దీనికి కేటాయించండి. మీ కంప్యూటర్‌లోని అసలు ప్రతీ సర్వర్ మీది నకలూ ఒకేలా ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో మీ పేజీ చిరునామా ఇచ్చి, ఒక ప్రతి భద్రం చేయించండి. ఫైళ్లు కొత్త చోటికి చేర్చాక, పాత ఇండెక్స్ ఫైల్ స్థానంలో కొత్త చిరునామా చెప్పే చిన్న పేజీ పెట్టండి. పాత చిరునామాను కొంతకాలం మళ్లించి ఉంచుతారా అని హెల్ప్‌డెస్క్‌ను అడగండి. ఒప్పుకునే చోట్లు ఉన్నాయి. గైడ్ పేజీలో, ల్యాబ్ పేజీలో, ఆర్కిడ్‌లో, గూగుల్ స్కాలర్‌లో మీ లింకు మార్చే పని, మార్చమని రాసే ఈమెయిళ్లు, ఇవన్నీ యూనివర్సిటీ ఈమెయిల్ ఇంకా పనిచేస్తుండగానే పూర్తిచేయండి. అది ఆగిపోయాక ఆ ఉత్తరం రాసింది మీరేనని నిరూపించుకోవడం కష్టం.